ముద్ద కలిపే చెయ్యి: కృష్ణా డెల్టా యువతకు ఆక్యుపేషనల్ థెరపీ చదువు, కొలువు

ఆక్యుపేషనల్ థెరపీ అనే చదువుకు తెలుగునాట ఇంకా స్థిరమైన పేరు కుదరలేదు. కొన్ని అనువాదాల్లో కనిపించే ‘వృత్తి చికిత్స’ అన్న మాట ఏదో ఉద్యోగ శిక్షణను స్ఫురింపజేస్తుంది. పొట్టిగా ఓటీ అంటే ఆసుపత్రిలో అందరికీ ఆపరేషన్ థియేటరే గుర్తుకొస్తుంది. ఇక్కడ ఆక్యుపేషన్ అనేది మనిషి పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా తనకోసం తాను చేసుకునే పనులన్నిటికీ వర్తించే మాట. పసిపిల్లల విషయానికొస్తే అన్నం తినడం, చొక్కా తొడుక్కోవడం, పళ్ళు తోముకోవడం, తోటివాళ్ళతో ఆడుకోవడం, పలక మీద గీతలు గీయడం అన్నీ ఆ పరిధిలోకే వస్తాయి. పుట్టుకతో వచ్చిన లోపం వల్ల గాని, మెదడుకు తగిలిన దెబ్బ వల్ల గాని, ఎదుగుదలలో జాప్యం వల్ల గాని ఈ పనులు చేసుకోలేని పిల్లలకు, ఆ పనులనే సాధనాలుగా చేసుకొని ఇచ్చే చికిత్సే పిల్లల ఆక్యుపేషనల్ థెరపీ.

ఫిజియోథెరపీకీ దీనికీ తేడా ఏమిటన్నది విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న. రెండూ కండరాలు, కీళ్ళు, నాడీమండలం గురించిన జ్ఞానం మీదే నిలిచినా, మొదటిది ప్రధానంగా కదలికను, బలాన్ని, నడకను చక్కదిద్దుతుండగా, రెండోది ఆ కదలిక ఏ పనికి అక్కరకు వస్తున్నదో చూస్తుంది. నాలుగేళ్ళ పిల్లవాడు కంచంలో అన్నం తానే కలుపుకొని తినడాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. పెద్దలకు ఒకే పనిగా కనిపించే దీనిని థెరపిస్టు అనేక అంచెలుగా విడదీస్తాడు. నేల మీద బాసింపట్టు వేసుకొని ఒరిగిపోకుండా కూర్చోవడానికి నడుము నిలకడ కావాలి. చెయ్యి కంచందాకా చాచడానికి భుజం స్థిరంగా ఉండాలి. పప్పూ అన్నమూ కలపడానికి అరచెయ్యి విచ్చుకోవాలి. ముద్ద చెయ్యడానికి బొటనవేలు మిగతా నాలుగు వేళ్ళకు ఎదురుగా రావాలి. ఆ ముద్దను నోటికి చేర్చేటప్పుడు మణికట్టు తిరగాలి. ఇలా విడదీసి చూడడాన్ని కార్య విశ్లేషణ అంటారు. ఏ అంచె దగ్గర బిడ్డ ఆగిపోతున్నాడో తేలిన తరువాతనే చికిత్స మొదలవుతుంది. సాధారణంగా చివరి అంచె నుంచి వెనక్కి నేర్పుకొస్తారు: మొదట తల్లి ముద్ద చేసి బిడ్డ చేతిలో పెడితే నోటికి చేర్చడం మాత్రమే వాడి వంతు, అది వచ్చాక ముద్ద చేయడం, ఆ తరువాత కలపడం. ఏ రోజు ఎక్కడ మొదలుపెట్టినా పనిని ముగించేది బిడ్డే కాబట్టి, తానే తిన్నానన్న తృప్తి మొదటి రోజునుంచే వాడికి దక్కుతుంది. ఈ పద్ధతిలోని సున్నితత్వమంతా అక్కడే ఉంది.

పిల్లల కదలికలను చదివేవారు వాటిని రెండు తెగలుగా చూస్తారు. మెడ నిలపడం, పాకడం, నడవడం, గెంతడం వంటి పెద్ద కండరాల పనులు స్థూల చలన నైపుణ్యాలు. పట్టుకోవడం, గిల్లడం, బొత్తాం పెట్టడం, రాయడం వంటి వేళ్ళ పనులు సూక్ష్మ చలన నైపుణ్యాలు. అయిదారు నెలల శిశువు వస్తువును అరచేతితో గుప్పెట పడుతుంది. తొమ్మిది, పది నెలలకు చూపుడువేలు, బొటనవేలు కలిపి మరమరాల గింజను ఏరుతుంది. మూడేళ్ళకు సున్నాను, నాలుగేళ్ళకు కూడిక గుర్తును చూసి గీస్తుంది. కొద్ది వారాల తేడా ఆందోళన పడవలసినది కాకపోయినా, 18 నెలలు నిండినా స్వతంత్రంగా నడవని బిడ్డను వైద్యునికి చూపించి తీరాలి. అంతకంటె తక్కువమంది గమనించే లక్షణం మరొకటుంది. ఏడాది నిండకముందే బిడ్డ ఎప్పుడూ ఒకే చేతిని వాడుతుంటే కుటుంబం ఎడమచేతివాటం అని మురిసిపోవచ్చు గాని, ఆ వయసులో చేతివాటం ఇంకా స్థిరపడదు. రెండో చేతిలో బలహీనత ఉండవచ్చునన్న అనుమానంతో పరీక్ష చేయించాలి. మేనమామ కూడా ఆలస్యంగానే నడిచాడంటూ పెద్దలు చెప్పే ఊరట వల్ల మెదడు తనను తాను అత్యంత చురుకుగా మలచుకోగల తొలి సంవత్సరాలు చేజారిపోతున్నాయి.

చికిత్స అవసరమయ్యే పిల్లలు ఒకే రకంగా ఉండరు. ఎదుగుతున్న మెదడుకు కలిగిన హాని వల్ల కండరాల బిగువు, భంగిమ అదుపు తప్పే సెరిబ్రల్ పాల్సీ, కండరాలు మరీ వదులుగా ఉండే డౌన్ సిండ్రోమ్, శబ్దాన్నీ స్పర్శనూ భరించలేని స్థితి తరచుగా కనిపించే ఆటిజం ఈ రంగంలో ఎక్కువగా ఎదురయ్యేవి. సెరిబ్రల్ పాల్సీ వల్ల శరీరంలో ఒక పక్కే బలహీనపడిన బిడ్డకు, బాగున్న చేతికి కొన్ని గంటలపాటు మెత్తని తొడుగు వేసి, బలహీనమైన చేతితోనే ఆటలాడించే చికిత్సా పద్ధతి ఉంది. ఆటిజం ఉన్న పిల్లల విషయంలో, అమెరికాకు చెందిన ఎ. జీన్ ఐర్స్ రూపొందించిన ఇంద్రియ సమన్వయ సిద్ధాంతం, అంటే స్పర్శ, కదలిక, సమతుల్యతల సమాచారాన్ని మెదడు ఎలా సమన్వయపరచుకుంటుందన్న వివరణ, విస్తృతంగా వాడుకలో ఉంది.

ఈ విద్య పుస్తకంలో ఎంత ఉన్నా, బిడ్డ ఇంటి గడప దాటి లోపలికి వెళితే తప్ప పూర్తికాదు. విదేశీ పరీక్షా పత్రాలు చెంచా పట్టడాన్ని కొలుస్తాయి. దివిసీమలో బిడ్డ చేత్తో తింటాడు. నగరపు చికిత్సా కేంద్రంలో ఎత్తు పీట ఉన్న మరుగుదొడ్డి ఉంటుంది. కోడూరు, నాగాయలంక మండలాల్లోని చాలా ఇళ్ళలో గొంతుకూర్చోవలసి ఉంటుంది గనుక తుంటి, మోకాలు, చీలమండల వంపు అక్కడ బిడ్డ స్వావలంబనకు మూలమవుతుంది. కృష్ణా పాయల మధ్య ఉన్న ఎదురుమొండి దీవి పిల్లలకు నది దాటించే పంటు మీద నిలదొక్కుకోవడం కూడా దైనందిన నైపుణ్యమే. ఇక సాధన సామగ్రి కోసం దూరం పోనక్కరలేదు. పళ్ళెంలో బియ్యం పోసి వేలితో అక్షరం దిద్దించడం, చపాతీ పిండి పిసికించడం, వామనగుంతల్లో గింజలు పంచించడం, తొక్కుడుబిళ్ల ఆడించడం ఈ ప్రాంతపు ఇళ్ళకు ఎప్పటినుంచో తెలిసిన ఆటపనులే. వాటిలో ఏది ఏ బిడ్డకు, ఎంతసేపు, ఏ భంగిమలో అన్నది నిర్ణయించడమే శిక్షణ పొందినవారి పని. మూల కుర్చీని, అంటే నడుము నిలవని బిడ్డకు రెండు పక్కలా ఆసరా ఇచ్చే కుర్చీని, కొలతలిస్తే గుడివాడ వడ్రంగి చేసిపెడతాడు. పెడనలో కలంకారీ అచ్చు బట్ట మీద సమానంగా పడటానికి మణికట్టు ఎంత అదుపులో ఉండాలో, చిలకలపూడి నగల పనిలో రెండు వేళ్ళ పట్టు ఎంత సున్నితంగా ఉండాలో బందరు (మచిలీపట్నం) ప్రాంతపు యువతకు చిన్నప్పటినుంచీ తెలుసు. చేతిపనిని గౌరవించే ఊళ్ళలో పెరిగినవారికి ఈ చదువు పరాయిదిగా తోచదు.

భారతదేశంలో ఈ విద్యకు పునాది వేసిన వ్యక్తి కమలా నింబ్కర్. అమెరికాలో పుట్టి, భారతీయుని వివాహమాడి, ఈ దేశాన్నే తన దేశంగా చేసుకున్న ఆమె 1950లో బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో ఆక్యుపేషనల్ థెరపీ పాఠశాలను నెలకొల్పారు. 1952లో అఖిల భారత ఆక్యుపేషనల్ థెరపిస్టుల సంఘం ఏర్పడింది. అదే ఏడు రూపుదిద్దుకున్న ప్రపంచ సమాఖ్యలో భారతదేశం వ్యవస్థాపక సభ్యదేశం.

ఇంటర్మీడియట్‌లో బైపీసీ చదివినవారు బ్యాచిలర్ ఆఫ్ ఆక్యుపేషనల్ థెరపీ, అంటే బీఓటీ కోర్సులో చేరవచ్చు. చాలాకాలంగా ఇది నాలుగు సంవత్సరాల చదువు, 6 నెలల ఇంటర్న్‌షిప్‌గా సాగుతూ వచ్చింది. 2021లో పార్లమెంటు ఆమోదించిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం పరిధిలోకి ఈ వృత్తి వచ్చాక పాఠ్యప్రణాళిక, కాలవ్యవధి, ప్రవేశ విధానం మారుతున్నాయి కాబట్టి, చేరదలచిన ఏటి అధికారిక ప్రకటనను చదవకుండా పాత సమాచారాన్ని నమ్ముకోకూడదు. ఆ చట్టం ప్రకారం నమోదైనవారే ఈ వృత్తి చేయాలి గనుక, గుర్తింపు లేని సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ ఎంత చౌకగా దొరికినా పనికిరాదు. ఫిజియోథెరపీ కళాశాలలంత విరివిగా బీఓటీ కళాశాలలు తెలుగు రాష్ట్రాల్లో లేకపోవడం పెద్ద లోటు. డెల్టా విద్యార్థి ఇతర రాష్ట్రాలవైపు చూడక తప్పదు: ఒడిశాలో కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లోని స్వామి వివేకానంద జాతీయ పునరావాస సంస్థ, కోల్‌కతాలోని జాతీయ చలన వైకల్య సంస్థ, వెల్లూరులోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీ పేరున్నవి. జాతీయ సంస్థల్లో ఫీజులు ప్రైవేటు కళాశాలల కంటె అందుబాటులో ఉంటాయి.

చదువు పూర్తయ్యాక పని ఎక్కడ దొరుకుతుందన్నది తల్లిదండ్రుల ప్రశ్న. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టినప్పటినుంచి 18 ఏళ్ళ వరకు పిల్లల్లోని పుట్టుక లోపాలను, వ్యాధులను, పోషక లోపాలను, ఎదుగుదల జాప్యాన్ని గుర్తించే పథకం. అందులో గుర్తించిన పిల్లలను జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు; ఈ నిపుణుల అవసరం ఉన్న చోట్లలో అదొకటి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది; వాటిలో చాలావాటికి ఈ చికిత్స అక్కరకు వస్తుంది. మచిలీపట్నంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది; వైద్య కళాశాల ఉన్న ఊళ్ళో శిశువైద్యం, నరాల వైద్యం, ఎముకల వైద్యం విస్తరించినకొద్దీ ఈ నిపుణుల అవసరమూ పెరుగుతుంది. విజయవాడలో ప్రైవేటు శిశు వికాస కేంద్రాలు ఉన్నాయి గాని, బందరు నుంచి సుమారు 70 కిలోమీటర్ల దూరం వారానికి రెండుమూడుసార్లు బిడ్డను మోసుకొని పోయిరావడం కూలి కుటుంబానికి సాధ్యమయ్యే పని కాదు. డెల్టా పట్టణాల్లోనే స్థిరపడే థెరపిస్టు కావాలన్న వాదనకు ఇదే బలం.

అయితే ప్రభుత్వ పోస్టులు కొద్దే, వాటిలోనూ ఒప్పంద నియామకాలే తరచుగా కనిపిస్తాయి. మొదటి సంవత్సరాల రాబడి ఇంజినీరింగ్ కొలువుతో పోల్చదగ్గదిగా ఉండకపోవచ్చు. విదేశాలకు వెళ్ళదలచినవారు బ్రిటన్‌లో ఆరోగ్య, సంరక్షణ వృత్తుల మండలి దగ్గర నమోదు కావాలి. అమెరికాలో విద్యార్హతల మదింపు, జాతీయ పరీక్ష, రాష్ట్ర లైసెన్సు అన్నీ దాటాలి.

వయసు మీరి బీఓటీలో చేరలేనివారికి దగ్గరి దారి ప్రత్యేక విద్య. ఉపాధ్యాయ నియామక పరీక్ష అయిన డీఎస్సీ శిక్షణకు రాష్ట్రమంతటా పేరున్న అవనిగడ్డకు ఏటా ఎందరో అభ్యర్థులు చేరుకుంటారు. వారిలో ప్రత్యేక విద్యలో డీఎడ్ లేదా బీఎడ్ గురించి ఆలోచించేవారు తక్కువ. 2021లో సుప్రీంకోర్టు ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రాథమిక స్థాయిలో 10 మందికి ఒకరు, ఆ పై తరగతుల్లో 15 మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులుండాలని నిర్దేశించింది. ఈ కోర్సులకు భారత పునరావాస మండలి గుర్తింపు తప్పనిసరి. సికింద్రాబాదులో 1984లో ఏర్పడిన, ఇప్పుడు జాతీయ మేధో దివ్యాంగుల సాధికారత సంస్థగా పిలుస్తున్న విద్యాలయంలో పసివయసు చికిత్సకు, ప్రత్యేక విద్యకు సంబంధించిన కోర్సులున్నాయి.

ఈ పనికి మార్కుల కంటె ముందు ఓర్పు కావాలి. ఒక బిడ్డ బొత్తాం పెట్టుకోవడానికి ఆరు నెలలు పట్టవచ్చు. పూర్తిగా నయం చేస్తామని మాట ఇచ్చే వ్యక్తి ఈ వృత్తికి తగడు. తల్లికి అర్థమయ్యే తెలుగులో రేపు ఇంట్లో ఏం చేయాలో చెప్పగలగడం, అమ్మమ్మ బెంగకొద్దీ ముద్ద నోట్లో పెట్టేస్తుంటే నొప్పించకుండా ఆపగలగడం పరికరాలన్నిటికంటె విలువైన నైపుణ్యాలు. అందుకే ఆ యాస, ఆ వంటిల్లు, ఆ పంటు తెలిసిన డెల్టా బిడ్డలే ఈ పనికి తగినవారన్నది అతిశయోక్తి కాదు.

ఈ పనిని ముందుగా దగ్గరనుంచి చూడడానికి ఒక చోటు ఉంది: పాఠశాల విద్యా పథకమైన సమగ్ర శిక్షా కింద మండలాల్లో భవిత కేంద్రాలు పనిచేస్తున్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు సహిత విద్యా ఉపాధ్యాయులు అక్కడే పాఠం చెబుతారు, ఫిజియోథెరపీ కూడా అక్కడే ఇస్తారు. బీఓటీకి దరఖాస్తు పెట్టే ముందు ప్రతి బైపీసీ విద్యార్థీ తన మండలంలోని భవిత కేంద్రంలో, ఉపాధ్యాయుల అనుమతితో, కనీసం వారం రోజులు కూర్చొని ఆ పిల్లలను చూడాలి.