కొండలు చూశాం, గ్రహించామా?



అలిపిరి దాటి ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఒకచోట కొండ పొరలు స్పష్టంగా కనిపిస్తాయి. కింద 250 కోట్ల ఏళ్ళకు పైబడిన గ్రానైటు, దానిపై సుమారు 160 కోట్ల ఏళ్ళనాటి క్వార్ట్‌జైటు. పర్వతాలలోని తెల్లని, ఎర్రని, నల్లని చారలను దివ్య ఖుర్ఆన్ (35:27) మన దృష్టికి తెచ్చింది. ఆ వెంటనే, జ్ఞానం గలవారే అల్లాహ్‌కు భయపడతారని తెలిపింది. అంటే చూసి ముచ్చటపడితే చాలదు, గ్రహించాలి.

ఈ శేషాచల అడవుల్లో 1989లో 353 చదరపు కిలోమీటర్ల శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం ఏర్పడింది. 270 అడుగుల తలకోన జలపాతం అందులోదే.

పండుగ సెలవుల్లో మనమూ పిల్లలతో అక్కడికి వెళ్తాం. జలపాతం చూసి ‘సుబ్‌హానల్లాహ్’ అంటాం. మరి తిన్న ప్లేట్లు, ప్లాస్టిక్ కవర్లు బండల మధ్యే వదిలేస్తే? ఆ కవరు మింగిన జింక ప్రాణానికే ముప్పు. దారిలోని హానికర వస్తువును తొలగించడం విశ్వాసంలోని ఒక శాఖ అని దైవప్రవక్త (స) బోధించారు. అలాంటప్పుడు హానిని మనమే దారిలో పడవేయడం ఏమనిపించుకుంటుంది?

ఈసారి వెళ్ళేటప్పుడు ఒక ఖాళీ సంచి వెంట ఉంచుకోండి. దాన్ని పిల్లల చేతనే నింపించి, వెనక్కి తీసుకురండి. నోరు చేసిన స్తోత్రానికి చేతులూ సాక్ష్యమివ్వాలి.

అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధి ప్రసాదించుగాక! ఆమీన్.