బరువైన పొర పైనుందా, కిందుందా?

పోయిన సెమిస్టర్‌లో రెండు నీటి పొరల సిమ్యులేషన్ మీద మినీ ప్రాజెక్ట్ చేశా. వైవాలో సార్ అడిగారు: "పొరల మధ్య డెన్సిటీ తేడా పెంచితే ఏమవుతుంది?" క్షణం కూడా ఆలోచించకుండా "గందరగోళం పెరుగుతుంది సార్" అన్నా. తప్పు! కోడ్ బాగానే రన్ అయింది, నాకే విషయం అర్థం కాలేదు. డెన్సిటీని తెలుగులో సాంద్రత అంటారని కూడా ఈ వ్యాసం రాస్తూనే నేర్చుకున్నా.

కింద ఉప్పునీళ్ళు, పైన మంచినీళ్ళు ఉన్నాయనుకోండి. పైవి కుడికి, కిందివి ఎడమకి కదులుతున్నాయి. మధ్య సరిహద్దు ఒకచోట కొంచెం పైకి ఉబ్బింది. అక్కడ పై నీళ్ళకి దారి ఇరుకవుతుంది. వేగం పెరుగుతుంది, ప్రెషర్ తగ్గుతుంది. ఇంటర్‌లో చదివిన బెర్నూలీయే ఇది. తగ్గిన ప్రెషర్ ఆ ఉబ్బుని ఇంకా పైకి లాగుతుంది. అలా పెరిగిన అల చివరికి సుడిలా చుట్టుకుంటుంది. దీన్నే కెల్విన్-హెల్మ్‌హోల్ట్జ్ అస్థిరత అంటారు. హెల్మ్‌హోల్ట్జ్ 1868లో, కెల్విన్ 1871లో దీని గురించి రాశారు.

మరి సాంద్రత తేడా ఏం చేస్తుంది? ఉబ్బు పెరగాలంటే బరువైన ఉప్పునీళ్ళు పైకి లేవాలి. గురుత్వాకర్షణ వాటిని కిందికి లాగుతుంది. అంటే వేగాల తేడా యాక్సిలరేటర్, సాంద్రత తేడా బ్రేక్.

ఏది గెలుస్తుందో చెప్పేది రిచర్డ్‌సన్ సంఖ్య. నిజానికి సరిహద్దు గీతలా ఉండదు, దానికి కొంత మందం ఉంటుంది. గురుత్వ త్వరణం, సాంద్రత తేడా, ఆ మందం, ఈ మూడింటినీ గుణించి, సాంద్రతతోనూ వేగాల తేడా వర్గంతోనూ భాగించాలి. ప్రవాహమంతటా ఈ విలువ 0.25 దాటితే చిన్న అలలు పెరగలేవని మైల్స్, హోవర్డ్ 1961లో నిరూపించారు. తక్కువైతే పెరగొచ్చు, కానీ పెరిగి తీరాలని లేదు.

లెక్క చూద్దాం. సాంద్రతలు 1000, 1010 కిలోలు ప్రతి ఘనపు మీటరుకి. మందం 1 సెంటీమీటరు, వేగాల తేడా సెకనుకి 10 సెంటీమీటర్లు. జవాబు సుమారు 0.1, అంటే ప్రమాదం ఉంది. సాంద్రత తేడా రెట్టింపు చేసినా 0.2 దగ్గరే ఆగుతుంది. కానీ వేగాల తేడాని సగం చేస్తే 0.4 వస్తుంది, ప్రవాహం నిలకడగా ఉంటుంది. వేగం వర్గంలో ఉంది కదా!

ఇది మన తీరానికీ సంబంధించిన విషయమే. గోదావరి, కృష్ణ, మహానది, గంగ-బ్రహ్మపుత్ర నీళ్ళు, వానలు కలిసి బంగాళాఖాతం మీద తేలికైన పొరని పరుస్తాయి. కింద బరువైన ఉప్పునీళ్ళు ఉంటాయి. బ్రేక్ గట్టిగా ఉంది కాబట్టి గాలి వీచినా అడుగునున్న చల్లటి నీళ్ళు సులువుగా పైకి కలవవు. పైభాగం వెచ్చగానే ఉండిపోతుంది. తుఫాన్లకి ఆ వెచ్చదనమే ఆహారం. నీటి పొరల నిలకడ ఒడ్డునున్న మనకి ఎప్పుడూ మంచిదే అనుకోడానికి లేదు.

అన్నట్టు, నా జవాబు కరెక్టయ్యే సందర్భం ఒకటుంది. బరువైన పొర పైన ఉంటే, గురుత్వాకర్షణే దాన్ని కిందికి దించుతుంది, బ్రేక్ కాస్తా యాక్సిలరేటర్ అవుతుంది. దాని పేరు రేలీ-టేలర్ అస్థిరత. అందుకే ఈసారి వైవాలో అదే ప్రశ్న వస్తే ముందు నేనే అడుగుతా: "బరువైంది పైనుందా సార్, కిందుందా?"