ఎమ్మెల్యే కావాలనుందా? ముందు మీ ఊరి మురుగు కాలువ గురించి తెలుసుకోండి

రాజకీయాల్లోకి వెళ్తానన్న పిల్లలకు మన ఇళ్లలో ఎదురయ్యే మాటలు రెండే. ఒకటి, "అంత డబ్బెక్కడిదిరా?" రెండు, "ముందు ఉద్యోగం సంగతి చూసుకో." రెండూ కొట్టిపారేసే మాటలు కావు. కానీ ఆ పనేమిటో, అందులో రోజూ ఏం చేస్తారో, ఎక్కడ నేర్చుకోవాలో చెప్పేవాళ్లు మాత్రం అరుదు. గ్రూప్స్‌కీ బ్యాంకు పరీక్షలకీ పుస్తకాలు దొంతర్లుగా దొరుకుతాయి. శాసనసభ్యుడి పని కూడా నేర్చుకుంటే వచ్చే పనే. దాన్ని నేర్చుకోవడానికి కోనసీమను మించిన బడి నాకు తెలిసి లేదు.

ఎందుకో నియోజకవర్గాలు చూస్తే తెలుస్తుంది. అమలాపురం నియోజకవర్గంలో మున్సిపాలిటీ ఉంది, దాన్ని ఆనుకుని పంచాయతీల్లోకి పాకుతున్న లేఅవుట్లు ఉన్నాయి. ఇంకాస్త దిగువకు వెళ్తే అల్లవరం, ఉప్పలగుప్తం మండలాల్లో సముద్రపు గాలికి ఎదురునిలిచిన చేలు, ఆక్వా చెరువులు. కొత్తపేటలో జాతీయ రహదారి మీద రావులపాలెం అరటి మార్కెట్టు ఒకవైపు, వరద వస్తే పడవ తప్ప దారి లేని లంకలు మరోవైపు. రాజోలుకు ఒక పక్క వశిష్ఠ, మరో పక్క సముద్రం. పొద్దున పట్టణంలో చెత్త తరలించలేదని అడిగే మనిషికీ, మధ్యాహ్నం కొబ్బరి ధర పడిపోయిందని వచ్చే రైతుకీ, సాయంత్రం గల్ఫ్‌లో చిక్కుకుపోయిన కూతురి కోసం ఏడ్చే తల్లికీ ఒకే ఎమ్మెల్యే జవాబు చెప్పాలి.

ఈ మూడు అర్జీలూ మూడు వేర్వేరు ప్రభుత్వాల గడప తొక్కుతాయి. చెత్త మున్సిపాలిటీది. కొబ్బరి విషయంలో మార్కెటింగ్ శాఖ రాష్ట్రానిది, మద్దతు ధర కేంద్రానిది. గల్ఫ్ సంగతి విదేశాంగ శాఖది. ఏ కష్టం ఏ ఆఫీసుదో తెలియడమే ఈ వృత్తిలో అక్షరాభ్యాసం. అది రానివాళ్లు ఎన్ని అర్జీలు తీసుకున్నా అవి బల్ల మీదే ఉండిపోతాయి.

అర్జీ ప్రశ్నయ్యే దారి

ఒక ఉదాహరణ వివరంగా చూద్దాం. 2011లో కోనసీమ రైతులు సార్వా సాగు మానేసి పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర లేకపోవడం, కూలి ఖర్చులు పెరగడం ఒక ఎత్తు. డ్రెయిన్లు పూడిపోయి చేలు రోజుల తరబడి నీటిలో నానడం ఇంకో ఎత్తు. అప్పటి ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. ముంపు బాధ మాత్రం నేటికీ తీరలేదు. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ కింద సముద్రపు పోటు నీరు ఎగదన్ని, తలలు రాలిన కొబ్బరిచెట్లు తోటలకు తోటలే కనిపిస్తాయి. ఒక చెట్టు పోవడమంటే ఆ ఇంటికి ఎన్నో ఏళ్ల ఆదాయం పోవడం. ఈ నష్టం చూసి కూడా కడుపు తరుక్కుపోనివాళ్లు ఈ వృత్తి జోలికి రాకపోవడమే మేలు.

అయితే తరుక్కుపోతే చాలదు. "మా డ్రెయిన్లు బాగుచేయండి" అని సభలో అంటే "పరిశీలిస్తాం" అన్న జవాబు వస్తుంది, అక్కడితో సరి. పని తెలిసిన సభ్యుడు ఇంకోలా అడుగుతాడు: ఆ డ్రెయిన్ పొడవెంత, చివరిసారి పూడిక ఎప్పుడు తీశారు, అంచనా ఎంత, మంజూరెంత, ఖర్చెంత, నోటి దగ్గర స్లూయిజు తలుపులు పనిచేస్తున్నాయా? దాన్ని నక్షత్ర గుర్తు ప్రశ్నగా ఇస్తే మంత్రి సభలో నోటితో జవాబివ్వాలి, ఆపైన అనుబంధ ప్రశ్నలూ వేయవచ్చు. నక్షత్రం లేని ప్రశ్నకు రాతలో జవాబు వస్తుంది. మంత్రి "చేస్తాం" అని మాటిస్తే అది హామీగా నమోదవుతుంది, హామీల కమిటీ వెంటపడుతుంది. బడ్జెట్ సమావేశాల్లో జలవనరుల శాఖ పద్దు చర్చకు వచ్చిన రోజున అవే అంకెలతో మళ్లీ లేవాలి. ఇంత చేసినా ఒక్కోసారి పని కాదు. మరుసటి ఏడు మళ్లీ అడగాలి. ఓపిక లేనివాళ్లకు ఇది తగిన వృత్తి కాదని ముందే చెప్పడం మంచిది.

కొన్ని కష్టాల మీద ఎమ్మెల్యేకు అసలు అధికారమే ఉండదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఎగసిన బ్లోఅవుట్ మంట 65 రోజులు ఆరలేదు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి ఇళ్లకు ఇళ్లే కాలిపోయాయి. చమురు, గ్యాస్ కేంద్రం చేతిలోని విషయాలు. అయినా అలాంటి రోజున జనం పరుగెత్తుకొచ్చేది స్థానిక ఎమ్మెల్యే దగ్గరికే. ఆసుపత్రి, పరిహారం, పునరావాసం కలెక్టరుతో మాట్లాడాలి. భద్రత సంగతి ఎంపీ చేత లోక్‌సభలో అడిగించాలి. అధికారం లేనిచోట బాధ్యత మోయడం ఈ పనిలో సగం.

వరద రోజులు మరో పరీక్ష. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఏ మట్టానికి ఏ లంక దారి మునుగుతుందో, ఎక్కడ పడవలు ముందే పెట్టాలో, పశుగ్రాసం ఏ గట్టు మీదికి చేర్చాలో తెలిసిన మనిషి ఎమ్మెల్యే ఆఫీసులో ఒక్కరైనా ఉండాలి. ఆ ఒక్కరు మీరే కావచ్చు.

ఎదుర్లంక నుంచి స్పీకర్ కుర్చీ దాకా

గంటి మోహనచంద్ర బాలయోగి పేరు కోనసీమలో తెలియనివారు లేరు. కానీ ఆయన ఎక్కిన మెట్లు ఎంతమంది గమనించారు? 1951లో ఎదుర్లంకలో పుట్టారు. ఆంధ్రా యూనివర్సిటీలో చదివి, కాకినాడలో న్యాయవాదిగా పనిచేశారు. మేజిస్ట్రేటుగా వచ్చిన ఉద్యోగం వదులుకున్నారు. 1987లో తూర్పు గోదావరి జిల్లా పరిషత్ చైర్మన్ అయ్యారు. రోడ్లు, బడులు, తాగునీళ్ల పద్దులు చూసే ఆ కుర్చీ ఎంత మంచి శిక్షణో వేరే చెప్పాలా? 1991లో అమలాపురం నుంచి లోక్‌సభకు వెళ్లారు. 1996లో ఓడిపోయారు. అదే ఏడు ముమ్మిడివరం ఉప ఎన్నికలో గెలిచి అసెంబ్లీకి వచ్చి, ఉన్నత విద్యాశాఖ మంత్రి అయ్యారు. 1998లో మళ్లీ లోక్‌సభకు ఎన్నికై, ఆ మార్చిలోనే ఆ సభకు తొలి దళిత స్పీకరయ్యారు. 1999 ఏప్రిల్‌లో వాజ్‌పేయి ప్రభుత్వం 269కి 270 ఓట్లతో, ఒక్క ఓటు తేడాతో పడిపోయిన రోజు ఆ కుర్చీలో ఉన్నది ఆయనే. ఒడిశా ముఖ్యమంత్రి అయినా ఎంపీ పదవి ఇంకా వదలని గిరిధర్ గమాంగ్ ఓటు వేయవచ్చా అన్న చిక్కు వస్తే, దాన్ని ఆ సభ్యుడి మనస్సాక్షికే వదిలారు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు. యానాం, ఎదుర్లంక మధ్య గౌతమి మీది వారధికి ఆయన పేరే పెట్టారు.

ఇప్పటి అమలాపురం ఎంపీ గంటి హరీష్ మాధుర్ ఆయన కుమారుడు. కుటుంబ నేపథ్యం తలుపు తెరుస్తుందన్నది నిజం, దాన్ని దాచి మీకు ఆశలు కల్పించను. అయితే వేరే తలుపులూ ఉన్నాయి. 2024లో రాజోలు నుంచి గెలిచిన దేవ వరప్రసాద్ ఐఏఎస్ అధికారిగా రిటైరై వచ్చారు.

అర్హతలు, మెట్లు

అసెంబ్లీకి పోటీ చేయాలంటే 25 ఏళ్లు నిండాలి, రాష్ట్రంలో ఎక్కడో ఒకచోట ఓటరై ఉండాలి. డిగ్రీ అక్కర్లేదు. డిపాజిట్ 10 వేలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. అమలాపురం, రాజోలు, పి.గన్నవరం ఎస్సీ రిజర్వుడు స్థానాలు. ఎన్నికల ఖర్చు పరిమితి 40 లక్షలు. పార్టీ టికెట్టు దొరకడం ఈ లెక్కలన్నిటికంటే కష్టం, దానికి సిలబస్ లేదు.

అందుకే 25 దాకా ఆగకండి. పంచాయతీ వార్డు సభ్యుడికీ సర్పంచికీ 21 ఏళ్లు చాలు. పంచాయతీల్లో సగం స్థానాలు మహిళలవి. అమ్మాయిలు గెలిచాక సంతకం వాళ్లది, పెత్తనం ఇంట్లో మగవాళ్లది కాకుండా చూసుకోవాలి, అలవాటు మొదటి రోజే పడాలి.

పోటీ చేయడం ఇష్టం లేనివాళ్లకు పక్క దారులున్నాయి. ఎమ్మెల్యే, ఎంపీ ఆఫీసుల్లో అర్జీల రిజిస్టరు, సీఎం సహాయనిధి దరఖాస్తులు, ప్రశ్నల ముసాయిదా చూసేవాళ్లకు ఎప్పుడూ కొరతే. ఢిల్లీలో పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ నడిపే ల్యాంప్ ఫెలోషిప్‌కు 25 ఏళ్లలోపు ఏ డిగ్రీ వారైనా దరఖాస్తు చేయవచ్చు. ఎంపికైతే ఒక ఎంపీ దగ్గర ప్రశ్నలు, ప్రసంగాలకు కావలసిన సమాచారం సిద్ధం చేస్తారు. ఇంగ్లిష్‌లో రాయగలగాలి. అది అమలాపురంలో చదివినా వస్తుంది, బెదరకండి.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చేయాలి. 2022 మే 24న జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో చెలరేగిన అల్లర్లలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు కాలిపోయాయి, ఎంతోమంది కుర్రాళ్లు కేసుల్లో ఇరుక్కున్నారు. అభ్యర్థి అఫిడవిట్‌లో తన మీదున్న కేసులన్నీ రాయాలి. రెండేళ్లు, ఆపైన శిక్ష పడితే జైలు నుంచి వచ్చాక కూడా ఆరేళ్లు పోటీ చేయలేరు. ఎవరో రెచ్చగొడితే రోడ్డెక్కి రాయి విసిరినవాడి చదువూ, ఉద్యోగమూ, రాజకీయమూ ఒకేసారి పోతాయి. కోనసీమలో ప్రజాప్రతినిధి కావాలంటే గొడవపడ్డ రెండు వర్గాల పేటలకూ వెళ్లి ఒకే మాట చెప్పగలగాలి.

జీతం ఐదేళ్లకే హామీ, ఓడితే అదీ ఉండదు. కాబట్టి న్యాయవాద వృత్తి, వ్యవసాయం, వ్యాపారం, ఏదో ఒక బతుకుతెరువు చేతిలో ఉంచుకోండి. ఈ లోపు మొదటి పాఠంగా ఒక పని చేయండి. మీ ఊరి డ్రెయిన్ ఒకటి ఎంచుకుని, గత ఐదేళ్లలో దాని పూడికతీతకు మంజూరైన సొమ్ము, చేసిన పని, చెల్లించిన బిల్లు వివరాలు సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ కాగితం పట్టుకుని గట్టు వెంబడి మొదలు నుంచి నోటి దాకా నడవండి. రాతకూ కాలువకూ తేడా కనిపిస్తే, వచ్చే గ్రామసభలో లేచి ఆ అంకెలతోనే అడగండి.