ఇంటర్వ్యూకి వెళ్లబోయే చిట్టికి

హైదరాబాద్



పాశమైలారంలో క్యూసీ కెమిస్టు ఉద్యోగానికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చిందని అక్క ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. నీకు ఇంగ్లీషు తడబడుతుందని అక్క బెంగ. ఆ బెంగ ఇద్దరూ మానండి. రికార్డులన్నీ ఇంగ్లీషులోనే కాబట్టి చదివి, తప్పుల్లేకుండా నాలుగు వాక్యాలు రాయగలిగితే చాలు. మాట తడబడిందని మంచి కెమిస్టును వదులుకునే ల్యాబ్ నాకు కనిపించలేదు. ఇంటర్వ్యూ బల్లకి ఇవతల కూర్చునేదాన్ని కదా, మా మనసులో ఉండే ప్రశ్న ఒకటే: ఈ పిల్ల రాసిన అంకెను నమ్మి బ్యాచ్ బయటికి పంపొచ్చా?

ముందు రెజ్యూమె సంగతి. హెచ్‌పీఎల్‌సీ, జీసీ, ఎఫ్‌టీఐఆర్ అన్నీ వచ్చని అందరూ రాస్తారు. చాలా కాలేజీల్లో మిషన్ ఒకరు నడుపుతుంటే మిగతావాళ్లు చుట్టూ నిలబడి చూస్తారని మాకూ తెలుసు. ఏ కాలమ్ వాడావు, బఫర్ పీహెచ్ ఎంత, ఏ వేవ్‌లెంగ్త్ పెట్టావు అని అడిగేసరికి ఎవరు చేశారో, ఎవరు చూశారో తేలిపోతుంది. నువ్వు చేసింది చేశానని, చూసింది చూశానని రాయి. చూసినదాన్ని చేశానని రాసి దొరికిపోతే, ఆ తర్వాత నువ్వు చెప్పే నిజాన్ని కూడా అనుమానంగానే వింటాం.

ప్రాజెక్టు మీద లోతుగా అడుగుతారు. "పీక్ నిన్నటికంటే ముందుగా వచ్చింది, ఎందుకు?" అంటారనుకో. పుస్తకంలోని కారణాలన్నీ గబగబా అప్పజెప్పకు. ఏది ముందు చూస్తావో, ఏది తర్వాతో చెప్పు: ఫ్లో సరిగ్గా ఉందా, మొబైల్ ఫేజ్ కలపడంలో తేడా వచ్చిందా, బఫర్ పీహెచ్ జరిగిందా, కాలమ్ ఓవెన్ వేడి ఎంతుంది. తెలియకపోతే తెలియదను. ఆ వెంటనే ఎక్కడ వెతుకుతావో కూడా చెప్పు. మేం చూసేది ఆ ఆలోచన నడిచే తీరునే.

ఇక అసలు ప్రశ్న. "అస్సే 98.0 నుంచి 102.0 శాతం మధ్య ఉండాలి. నీకు 97.4 వచ్చింది. డిస్పాచ్ వాళ్లు తొందరపెడుతున్నారు. ఏం చేస్తావు?" చాలామంది ఠక్కున "మళ్లీ ఇంజెక్ట్ చేస్తాను సార్" అంటారు. అక్కడే జారిపోతారు. సరైన పని: ఆగడం, తయారుచేసిన ద్రావణాలు పారబోయకుండా అలాగే ఉంచడం, సూపర్‌వైజర్‌కి చెప్పడం. అమెరికా ఎఫ్‌డీఏ 2006లో ఇచ్చిన ఓఓఎస్ (అవుట్ ఆఫ్ స్పెసిఫికేషన్) గైడెన్స్‌లో ఇవన్నీ ఉన్నాయి, ఒకసారి చదువుకో. ఫెయిలైన ఫలితాన్ని, కారణం చూపకుండా, పాసయ్యేదాకా పరీక్షలు చేసి కొట్టిపారేయడం కుదరదని 1993లోనే బార్ ల్యాబొరేటరీస్ కేసులో అక్కడి కోర్టు తేల్చింది. మన దగ్గర తయారయ్యే మందులు ఎన్నో ఆ దేశానికి వెళ్తాయి. ఇన్‌స్పెక్టర్లు వచ్చినప్పుడు కంప్యూటర్‌లో ఆడిట్ ట్రయిల్ తెరిచి, లెక్కలో చూపని ఇంజెక్షన్ల కోసం కూడా వెతుకుతారు. ఒక్కరు దాచిన అంకె వల్ల ప్లాంటు మొత్తానికీ ఇబ్బంది వస్తుంది.

రాతలో తప్పు పడితే ఏం చేస్తావనీ అడగొచ్చు. పాత అంకె కనబడేలా ఒకే గీత కొట్టి, పక్కన సరైనది రాసి, కారణం, సంతకం, తేదీ వేయాలి. వైట్‌నర్ మాట ఎత్తకు. పని చేసేటప్పుడే రాయాలి, చిత్తు కాగితం మీద రాసుకుని సాయంత్రం ఎక్కించడం కూడా తప్పే.

షిఫ్టులు కుదురుతాయా అంటే, ఉద్యోగం కోసం అన్నిటికీ తలూపకు. బి షిఫ్టు రాత్రి ఏ వేళకి అయిపోతుంది, కంపెనీ బస్సు ఎక్కడిదాకా వదులుతుంది, కొత్తవాళ్లకి ట్రైనింగ్ ఎన్నాళ్లు, ఇవన్నీ అడుగు. వివరంగా అడిగే పిల్ల ఉద్యోగంలో నిలబడుతుందని మాకు ధీమా. జీతం సంగతి వాళ్లు ఎత్తాక మాట్లాడు.

చివరగా ఒక మాట. 97.4 ప్రశ్నకి నువ్వు నేను చెప్పినట్టే జవాబిచ్చినా, ఎదుటివాళ్లు నవ్వి "ఇవన్నీ పుస్తకాల మాటలమ్మా" అంటే, ఆ ఉద్యోగం వచ్చినా చేరకు. అక్కడ రేపు తప్పుడు అంకె కింద సంతకం నీది ఉంటుంది. పాశమైలారంలోనే ఇంకా చాలా ల్యాబులున్నాయి.

ఇంటర్వ్యూ అయ్యాక ఏమేం అడిగారో వివరంగా రాయి.

ఇట్లు,
మీ పిన్ని