ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చిన పిదప

రాచపుండని మన పెద్దలు పిలిచిన వ్యాధినే నేడు క్యాన్సరు అనుచున్నాము. దానికి చికిత్స ముఖ్యముగా మూడు విధములు: శస్త్రచికిత్స, మందులు, కిరణచికిత్స. ఈ కడపటి దానినే జనులు "కరెంటు పెట్టుట" యందురు. వీనిని గూర్చి విద్యార్థులు తరగతిలో చదువుదురు గనుక ఇచ్చట విస్తరింపను. ఈ వ్యాసము చికిత్స ముగిసిన తరువాతి కాలమును గూర్చినది. నాగపురములోనో, హైదరాబాదులోనో, ముంబయిలోనో నెలల తరబడి ఉండి రోగి మాహూరుకు తిరిగి వచ్చును. ఇరుగుపొరుగువారు చూడవచ్చి, "గండము గడచినది" అని పోవుదురు. కాని రోగికి అన్నము మ్రింగుడు పడదు. నాలుగడుగులు వేసిన ఆయాసము. రాత్రి నిద్ర పట్టదు. బాగైనవానికి ఈ బాధ యేమని ఇంటివారు తికమకపడుదురు.

అమెరికాలో ఫిట్జ్‌హ్యూ ముల్లన్ అను వైద్యుడు స్వయముగా ఈ వ్యాధికి చికిత్స పొందినవాడు. చికిత్సా కాలము ఒక ఋతువు, అది ముగిసి భయముతోను నీరసముతోను గడపు కాలము రెండవ ఋతువు, వ్యాధి ఇక రాదను ధైర్యము చిక్కిన కాలము మూడవదియని ఆయన 1985లో ఒక వైద్య పత్రికలో వ్రాసెను. రెండవ ఋతువున వైద్యుడు దూరమున నుండును, ఇంటివారే దగ్గర నుందురు.

మొదట ఒక దురభిప్రాయమును తొలగింపవలెను. కొన్ని ఇండ్లలో రోగికి వేరు కంచము, వేరు చెంబు పెట్టుదురు; పసిపిల్లలను దగ్గరకు పోనీయరు. క్యాన్సరు అంటువ్యాధి కాదు. ముట్టుకొనిన, కలసి భుజించిన, ఒక పడకపై పరుండిన రాదు. బయటినుండి యంత్రముతో కిరణచికిత్స పొందినవారి దేహమున కిరణములు నిలిచియుండవు. మనుమని ఎత్తుకొననీయని తాతకు ఏ ఔషధమును పూర్తిగా పనిచేయదని నా అభిప్రాయము.

మన ప్రాంతమున తంబాకు, ఖర్రా నమలు అలవాటు మెండు. కావున నోటి క్యాన్సరును గూర్చి కొంత ఎక్కువ చెప్పవలసియున్నది. కిరణములవలన లాలాజల గ్రంథులు దెబ్బతిని నోరు ఎండును. ఎండిన నోట జొన్నరొట్టె దిగదు, మిరపకారము నిప్పువలె మండును. రొట్టెను పప్పుకట్టులోనో, పాలలోనో బాగుగా నానబెట్టి పెట్టవలెను; జొన్న అంబలి, మెత్తని అన్నము, గ్రుడ్డు, పెరుగు కొంచెము కొంచెముగా పలుమార్లు ఇయ్యవలెను. దవడ కండరములు క్రమక్రమముగా బిగిసికొనును. ఇది చికిత్స ముగిసిన కొన్ని నెలలకు గూడ మొదలు కావచ్చును. సాధారణముగా నోరు తెరచినప్పుడు రోగి తన మూడు వ్రేళ్లు నిలువుగా లోనికి పట్టవలెను. పట్టు తగ్గుచున్నచో వైద్యుడు చూపిన నోటి వ్యాయామమును ప్రతిదినము తప్పక చేయింపవలెను. కొందరు ఐస్‌ఫ్రూట్ పుల్లలను దొంతిగా పేర్చి పండ్ల నడుమ నుంచుకొని, దినదినము ఒక పుల్ల చేర్చుటకు యత్నింతురు. మరియొక సంగతి: దవడకు కిరణములు పెట్టించుకొనినవారు పన్ను తీయించుకొనుటకు ముందు ఆ మాట దంతవైద్యునికి చెప్పితీరవలెను. లేనిచో ఎముక గాయము మానక పోవచ్చును.

తంబాకు మానుటయు చికిత్సలోని భాగమే. మహారాష్ట్రలో గుట్కా 2012లో నిషేధింపబడినది. పదునెనిమిదేండ్లు నిండనివారికి పొగాకు అమ్ముట 2003 నాటి చట్టముచే నేరము. ఐనను బాలుని చేతికి డబ్బులిచ్చి "ఖర్రా తెమ్ము" అను పెద్దలు లేకపోలేదు! మానదలచినవారికి 1800 11 2356 అను ఉచిత టెలిఫోనులో సలహా లభించును.

రొమ్ము క్యాన్సరుకు శస్త్రచికిత్స జరిగి చంకలోని గ్రంథులు తీయబడిన స్త్రీలకు ఆ ప్రక్క చేయి వాయవచ్చును. ఇట్టివారు బరువే ఎత్తరాదని పూర్వము చెప్పెడివారు. 2009లో అమెరికాలో ప్రకటితమైన ఒక పరిశోధన ఆ భయమును చాలవరకు పోగొట్టినది: శిక్షణతో, స్వల్పముగా ప్రారంభించి, మెల్లమెల్లగా బరువు పెంచినవారికి వాపు హెచ్చలేదు. అంతమాత్రమున ఇంటికి వచ్చిన మరునాడే కడవ ఎత్తుమని అర్థము కాదు.

వ్యాయామమును గూర్చి ఇంతకంటె గట్టి సాక్ష్యము 2025లో వెలువడినది. పెద్దప్రేగు క్యాన్సరుకు చికిత్స ముగిసిన 889 మందిని రెండు జట్లుగా చేసిరి. ఒక జట్టు మూడేండ్లు శిక్షకుల సాయముతో వ్యాయామము చేసినది. రెండవ జట్టువారికి ఆరోగ్య సలహాల పుస్తకము మాత్రము ఇచ్చిరి. అయిదేండ్లకు వ్యాధి తిరుగబెట్టక జీవించియున్నవారు మొదటి జట్టున నూటికి 80 మంది, రెండవ జట్టున 74 మంది. పెక్కురు చేసినది వడిగా నడచుటయే. కావున "పాపము, కదలకుము" అని రోగిని మంచమునకు కట్టివేయుట దయ కాదు. మన ఊరివారు కోలుకొనగనే రేణుకాదేవి కొండ మెట్లెక్కి మ్రొక్కు తీర్చుకొనవలెనని తొందరపడుదురు. ముందు వీథి చివరవరకు, ఆపై బస్సుస్టాండు వరకు సమభూమిపై నడువుడు. అమ్మవారు కొన్ని నెలలు ఆగును.

ఇక విద్యార్థులు చేయదగిన పని. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి వెలసిన 1955లో మన ప్రాంతము ఆదిలాబాదు జిల్లాలోనే యుండెను. మరుసటి యేట కిన్వట్ తాలూకా నాందేడు జిల్లాలో చేరినది. నేటికిని హైదరాబాదు పోయినవారికి తెలుగు మాట వినబడును. నాగపురమునకో, ముంబయిలో 1941లో స్థాపితమైన టాటా ఆసుపత్రికో పోయినవారు మరాఠీలోనో, హిందీలోనో వినవలెను. కాగితములు మాత్రము ఎక్కడనైనను ఇంగ్లీషులోనే. అవ్వకు తెలుగు తప్ప రాదు. ఆ ఇంట మూడు భాషలును చదువగలది తొమ్మిదవ తరగతి బాలికయే!

ఆ బాలిక ఒక నోటుపుస్తకము తీసి అవ్వ మందుల పేళ్లను, వేళలను, మరల చూపించుకొనవలసిన తేదీని తెలుగులో వ్రాసిపెట్టవలెను. చదువ తెలియని మాటను ఊహించి వ్రాయక మందుల దుకాణమునగాని, ఆరోగ్య కేంద్రమునగాని అడుగవలెను. క్రొత్త గడ్డ, మానని పుండు, కారణము లేక బరువు తగ్గుట కనబడినచో తేదీ వరకు ఆగరాదని మొదటి పుటలో వ్రాయవలెను. అయితే తల్లిదండ్రులకు ఒక మనవి: వ్యాధి తిరుగబెట్టినదను వార్తను వైద్యునినుండి విని ఇంటివారికి చెప్పు భారమును పిల్లలపై వేయకుడు. దానికి పెద్దలలో ఒకరు వెంట నుండవలెను.

ప్రయాణమునకు డబ్బు లేక తేదీ దాటనిచ్చువారు పెక్కుమంది. కిన్వట్ స్టేషనున రైలెక్కువారు తెలిసికొనవలసినదేమనగా, చికిత్సకేగాక తరువాతి పరీక్షలకు పోవు క్యాన్సరు రోగికి గూడ స్లీపరు తరగతిలో టిక్కెట్టు పూర్తిగా ఉచితము, తోడు పోవువారికి ముప్పాతిక వంతు తగ్గింపు. ఇందులకు ఆసుపత్రివారు నిర్ణీత నమూనాలో ఇచ్చు ధ్రువపత్రము కావలెను. ఇంటికి బయలుదేరునప్పుడే దానిని అడిగి పుచ్చుకొనుడు.