బలవర్ధక బియ్యం వల్ల తలనొప్పి తగ్గిందా?

రాయ్‌పూర్ సమీపంలోని మందిర్ హసౌద్‌లో మీరు మే నెలలో మితానిన్‌తో (అక్కడ ఆశా కార్యకర్తను అలా పిలుస్తారు) కలిసి ఇంటింటికీ తిరిగారనుకోండి. తరచు తలనొప్పి వస్తోందన్నవారి పేర్లు రాసుకున్నారు. తరువాత వారికి రేషన్‌లో బలవర్ధక బియ్యం అందింది. డిసెంబరులో మళ్లీ అడిగితే చాలామంది "తగ్గింది" అన్నారు. బియ్యమే తగ్గించిందని రాయవచ్చునా?

తొందరపడకండి. మే నెల ఎండ డిసెంబరులో ఉండదు. పైగా, బాధ ముదిరినప్పుడు పేరు రాయించుకున్నవారికి ఏ మందూ లేకున్నా కొంత నెమ్మదించడం సహజం.

ఇనుము, ఫోలిక్ ఆమ్లం, విటమిన్ బి12 కలిపిన బియ్యపు పిండిని గింజలుగా చేసి, 100 కిలోల మామూలు బియ్యానికి సుమారు 1 కిలో చొప్పున కలుపుతారు. (వీటిని ప్లాస్టిక్ బియ్యమని భయపడినవారూ ఉన్నారు. అది అపోహ.) 2024 నాటికి ప్రభుత్వ పథకాలన్నింటిలో ఈ బియ్యమే ఇస్తామని 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించారు. ఉద్దేశం రక్తహీనతను తగ్గించడం. తలనొప్పి దాని లక్షణాలలో ఒకటి మాత్రమే. ఆకలికీ, చూపు మందగించినా కూడా వస్తుంది. కనుక కొలవవలసింది హిమోగ్లోబిన్‌ను.

2019లో కోక్రేన్ సంస్థ 17 అధ్యయనాలను పరిశీలించింది. ఇనుము కలిపిన బియ్యం వల్ల రక్తహీనత ముప్పులో తేడా స్వల్పంగా ఉండవచ్చు, లేదా అసలే ఉండకపోవచ్చు అని తేల్చింది. ఛత్తీస్‌గఢ్‌లో మరో చిక్కు ఉంది: అక్కడ కనిపించే సికిల్ సెల్ వ్యాధి వల్ల కలిగే రక్తహీనత ఇనుముతో నయం కాదు.

కుటుంబాలను చీటీలు వేసి రెండు జట్లు చేయండి. ఒక జట్టుకు బలవర్ధక బియ్యం, రెండవదానికి మామూలు బియ్యం ఇవ్వండి. ఎవరికి ఏది అందిందో తినేవారికీ, లెక్క రాసేవారికీ తెలియరాదు. రెండు జట్లనూ ఒకే నెలలలో పరీక్షించండి.

పాఠ్యాంతర్గత ప్రశ్న: రెండు జట్లలోనూ తలనొప్పి సమానంగా తగ్గితే మీరేమి రాస్తారు?