బాధ లేకపోవడం అభయం కాదు

చిరంజీవిని ఆశీర్వదించి పెదనాన్న వ్రాయునది.

చిరంజీవికి ముప్పయి దాటాక సీటీ యాంజియోగ్రామ్‌లో బయటపడిన ‘ఆల్‌కాపా’ కొత్తగా వచ్చిన జబ్బు కాదు, తల్లి గర్భంలోనే ఏర్పడిన నిర్మాణ లోపం. గుండె కండరానికి రక్తం అందించే కొరోనరీ ధమనులు రెండూ సాధారణంగా మహాధమని నుంచి, అంటే శరీరమంతటికీ మంచి రక్తాన్ని మోసుకుపోయే ప్రధాన నాళం నుంచి పుడతాయి. ఈ లోపంలో ఎడమ ధమని మాత్రం ఊపిరితిత్తులకు వెళ్లే పుపుస ధమని నుంచి పుడుతుంది. సుమారు 3 లక్షల జననాలకు ఒకటిగా కనిపించే ఈ స్థితిని 1933లో బ్లాండ్, వైట్, గార్లాండ్ అనే అమెరికా వైద్యులు వర్ణించారు. శస్త్రచికిత్స జరగని శిశువులలో దాదాపు 90 శాతం మంది ఏడాది నిండకుండానే మరణిస్తారు.

మిగిలినవారిని పెద్దయ్యేదాకా నిలబెట్టేది కుడి ధమని. అది వెడల్పై, అనుబంధ నాళాల ద్వారా ఎడమవైపు కండరానికి కూడా రక్తం పంపుతుంది. అయితే పుపుస ధమనిలో పీడనం తక్కువ కావడం వల్ల, గండిపడిన కాలువ నీరు చేను తడపకుండానే పల్లానికి పోయినట్లు, ఆ రక్తంలో కొంత ఎడమ ధమని గుండా వెనక్కి పారి పుపుస ధమనిలో కలిసిపోతుంది. ‘కొరోనరీ స్టీల్’ అనే ఈ రక్తచౌర్యం అనుబంధ నాళాలు పెరిగేకొద్దీ పెరుగుతుంది కనుక, ప్రాణం నిలిపిన ఏర్పాటే కాలక్రమంలో కండరాన్ని మచ్చకట్టించి, గుండె ఎడమ గదుల మధ్యనుండే మిట్రల్ కవాటాన్ని లీకు చేసి, గుండె లయను తప్పించగలదు.

అందువల్ల ‘ఇన్నేళ్లూ ఏమీ కాలేదు కదా’ అనే మాట ధైర్యానికి పనికివస్తుంది గానీ నిర్ణయానికి పనికిరాదు. ఎడమ కొరోనరీ ధమనే లేకుండా పుట్టిన పీట్ మారవిచ్ పదేళ్లు ఎన్‌బీఏలో బాస్కెట్‌బాల్ ఆడి, 1988లో నలభయ్యో ఏట ఒక సరదా ఆటలో కుప్పకూలి మరణించాడు. లోపం శవపరీక్షలో గాని తెలియలేదు.

ఎడమ ధమనిని మహాధమనికి మార్చి కుట్టడం, అది వీలుకానప్పుడు దాని మొదలును మూసి బైపాస్ చేయడం ప్రధాన చికిత్సలు. కండరం ఎంతవరకు సజీవంగా ఉన్నదో, కవాటానికి మరమ్మతు అవసరమో కాదో పుట్టుక లోపాలను చూసే గుండె వైద్యులను అడిగి తెలుసుకోవడం, అంతవరకు బరువైన వ్యాయామం మానడం, పరిగెత్తినప్పుడు కళ్లు తిరిగినా ఛాతీ పట్టేసినా దాచకపోవడం చిరంజీవి విధులు. శస్త్రచికిత్స తరువాత కూడా జీవితాంతం పరీక్షలు తప్పవు.

గర్భంతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందేమోనని తల్లిని ఎవరైనా అడిగితే, ఈ లోపం ఎవరి తప్పూ కాదని మొదట చెప్పవలసినవాడు చిరంజీవే.

శుభాశీస్సులతో,
పెదనాన్న